చప్పుడు చాలని సూదిబండి

సూదిబండి వస్తోందని మామిళ్ళగరువులో మనుషులకంటే ముందు పశువులకి తెలిసేది.

బండి ఇంకా కొండదారిలో, ఘాటీ మొదట్లో డబడబమని దగ్గుతూ ఉండగానే కొండమీద ఆవులు చెవులు నిక్కించేవి. రెండో మలుపుకి పలుపులు తెంచుకునేవి. మూడో మలుపుకి అడివిలో పడేవి. వాటి బాధ వాటిది. ఆ చప్పుడు వెనకాల సూది ఉంటుందని వాటికి అనుభవం. నాలుగో మలుపు దగ్గర బండి ఆయాసపడి ఆగిపోయేది. అప్పుడు ఊళ్ళో ఆడా మగా అందరూ కిందికి దిగివెళ్ళి దాన్ని పైకి తోసేవారు. అంటే ఆ చప్పుడు వినగానే పశువులు పైకీ, మనుషులు కిందికీ పరిగెత్తేవారన్నమాట. డాక్టరు మంచుపెట్టెతో ఊళ్ళో దిగేసరికి ఎదురొచ్చేవి చెవుడొచ్చిన ముసలి గేదె ఒకటి, తెగిన పలుపులు నలభై.

ప్రభుత్వం దానికి పెట్టిన పేరు సంచార పశువైద్య వాహనం. సంచారమన్న మాటకి బండి ఎప్పుడూ ఒప్పుకోలేదు గనక జనం సూదిబండి అన్నారు. పద్నాలుగేళ్ళుగా దాని డ్రైవరు దాలినాయుడు. ఆయన పుట్టిందీ మామిళ్ళగరువులోనే. అక్కడ ఆయన అప్ప, అంటే అక్క, చిలకమ్మ ఉంది. ఆయన జత ఎడ్లు ఆవిడ దగ్గరే ఉన్నాయి. మూడేళ్ళ కిందట గాలికుంటు వచ్చి చిలకమ్మవి రెండు పాడి ఆవులు నోట నురగలు కక్కి, గిట్టలు ఊడి, వారం రోజులు మూలిగి పోయాయి. సూది వెయ్యడానికి బండి వెళ్ళిన రోజున అవి రెండూ అడివిలో ఉన్నాయి.

"నీ బండి సప్పుడికి బెదిరిపోనాయిరా దాలీ," అంది చిలకమ్మ అప్పుడు. అంతకుమించి ఏమీ అనలేదు. తిట్టుంటే బాగుండునని దాలినాయుడు చాలాసార్లు అనుకున్నాడు.

కొత్తగా వచ్చిన డాక్టరు వాసంతి మొదటి ట్రిప్పులోనే బండి తోసింది. రెండో ట్రిప్పులోనూ తోసింది. మూడో ట్రిప్పుకి ముందు, ఈ బండికి ఘాటీ ఎక్కే బలం చాలడం లేదని పైకి ఉత్తరం రాసింది. నాలుగు నెలలకి జవాబొచ్చింది: "తమ వాహనము ఘాటీ ఎక్కజాలదని తెలియజేసితిరి. ఘాటీ ఎత్తు తగ్గించు విషయము ఈ కార్యాలయ పరిధిలో లేదు."

డాక్టరమ్మ ఆ కాగితం మడిచి దాలినాయుడి చేతిలో పెట్టింది. "నాయుడుగారూ, ఈ ఊళ్ళో మంచి మెకానిక్కు ఎవరు?"

కొండకింద ఆస్పత్రి ఉన్న గుమ్మడివలసలో మెకానిక్కులు ఆరుగురున్నారు. మంచివాడు ఒక్కడే. వాడి పేరు తవిటయ్య. వాడు బండిని స్టార్టు చెయ్యమని, వెనక్కి వెళ్ళి పొగగొట్టం దగ్గర గొంతుక్కూచుని, అరిచెయ్యి అడ్డుపెట్టి చూశాడు. లేచి చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు.

"మావా, నువ్వు ముక్కూ నోరూ మూసుకుని కొండెక్కగలవేటి?"

"ఎక్కితే సచ్చిపోనూ?"

"మరి దీన్నెందుకలాగ ఎక్కమంటన్నావు? ఇంజనికి ఊపిరి పీల్చడానికి దారుంది, వదలడానికి లేదు. సైలెన్సరు లోపల మూడు అడ్డాలు, అడ్డానికో మణుగు మసి. గొట్టం వంచిన కాడల్లా సప్పిడిబుగ్గలాగ నొక్కుకుపోయినాది. బలమెక్కడ్నుంచొస్తాది?"

"అయితే గొట్టం మార్చీ. కానీ సప్పుడు పెరక్కూడదు తవిటయ్యా. తగ్గాల. ఆవుల చెవినపడకుండా ఊళ్ళోకి ఎల్లాల."

తవిటయ్య బుర్ర గోక్కున్నాడు. "అదే కదా తగువు. బలం కావాలంటే గొట్టం ఎడల్పు చెయ్యాల. ఎడల్పు చేస్తే అరుస్తాది. అరవకుండా అడ్డాలెట్టితే బలం పోతాది. అత్తా కోడలూ ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండాలన్నట్టు చెప్తన్నావు."

"నువ్వు వండగలవనే వచ్చినాను."

పొగిడితే పనిచేసే రకం మనుషులు కొందరుంటారు. తవిటయ్య మూడు రోజులు బండి కిందే కాపురం పెట్టాడు. పాత గొట్టం కంటే అర అంగుళం లావుది తెచ్చాడు. దాన్లో పొడి ఇసుక దట్టించి, రెండు కొసలా బిరడాలు బిగించి, ఎర్రగా కాల్చి వంచాడు. లోపల ఇసుక ఉంటే వంపు దగ్గర గొట్టం నొక్కుకుపోదు. పాత సైలెన్సరు పీకేసి కొత్తది కట్టాడు. దాంట్లో అడ్డాలు లేవు. మధ్యలో జల్లెడలా చిల్లులు పొడిచిన తిన్నని గొట్టం, దాని చుట్టూ గిన్నెలు తోమే ఇనప పీచు, పీచు చుట్టూ పాత బాయిలరుకి చుట్టే గాజుదూది, పైన రేకు.

"పొగేమో తిన్నగా ఎలిపోతాది. సప్పుడేమో చిల్లుల్లోంచి పీచులోకి దూరి, దారితప్పి అక్కడే తిరిగి తిరిగి చస్తాది," అన్నాడు.

మొదటిసారి తోలితే అంతా బాగుంది గానీ మూడో గేరులో ఎక్కడో 'బుమ్మ్' అని ఒక మూలుగు మిగిలింది. తవిటయ్యకి నామోషీ వేసింది. ఇంట్లో కడవ తెచ్చుకుని దాని మూతిలో ఊది చూసుకుంటూ ఒక పూట కూచున్నాడు. పెళ్ళాం తలుపేసుకుంది. మర్నాడు గొట్టం పక్కన కడవలాంటి చిన్న డబ్బా ఒకటి అతికించాడు. ఇంజను బుమ్మ్ ఇటునుంచీ, డబ్బా బుమ్మ్ అటునుంచీ వచ్చి, ఒకదాన్నొకటి కొట్టుకుని రెండూ పడిపోయాయట.

ఆ బుధవారం సూదిబండి ఘాటీ ఎక్కింది. నాలుగో మలుపు దగ్గర దాలినాయుడు అలవాటు చొప్పున హ్యాండు బ్రేకు మీద చెయ్యేశాడు. బండి ఆగలేదు. రెండో గేరులో, చద్దన్నం తిన్న పాలేరులా, పలక్కుండా ఉలక్కుండా పైకి పోయింది. ఊళ్ళోకి వెళ్ళి నిలబడితే ఆవులన్నీ గాటికాడే నెమరేస్తున్నాయి. ఒక కోడె బండి అద్దంలో తన మొహం చూసుకుంటోంది.

"ఓలమ్మో! సెప్పా పెట్టకుండా వచ్చీసినావేటిరా!" అని గంజి చేత్తోనే పరిగెత్తుకొచ్చింది చిలకమ్మ.

ఆ తర్వాత రెండు నెలల్లో కొండమీది నాలుగు ఊళ్ళలో నాలుగువందల పన్నెండు పశువులకి గొంతువాపు టీకాలు పడ్డాయి. అంతకుముందు ఏడాది లెక్క పదకొండు. అందులో చెవిటి గేదెకి పొరపాటున మూడుసార్లు పడింది.

కథ ఇక్కడితో అయిపోతే అందరూ సుఖంగా ఉండేవారు. కానీ మన దగ్గర వాహన చైతన్య మండలి అని ఒకటుంది.

చక్రాలూడి, సీట్లలో చీమలు పుట్టలు పెట్టుకున్న సర్కారీ బండ్లు కూడా నెలనెలా డీజిలు తాగుతున్నాయని ఎవరో కనిపెట్టాక, ఏ బండి నడుస్తోందో ఏది నడవడం లేదో తేల్చడానికి ఆ మండలిని పెట్టారు. మొదట్లో తనిఖీ అధికారులు స్వయంగా షెడ్లకి వెళ్ళి చూసేవారు. ఎండ, దుమ్ము. ఒకచోట బానెట్టెత్తితే ముంగిస మీదికి దూకింది. దాంతో శాస్త్రీయమైన పద్ధతి కావాలన్నారు. నడిచే బండి చప్పుడు చేస్తుంది, నడవనిది చెయ్యదు. కాబట్టి ఆవరణలో ఒక మైకు పాతి, దాని తీగ లోపల అధికారి బల్ల మీది మీటరుకి కలిపేస్తే, ఆయన కుర్చీలోంచి లేవకుండానే బండి గుట్టు తెలిసిపోతుంది. అరవై డెసిబెల్సు దాటితే నడుస్తున్నట్టు. ఎనభై దాటితే శబ్ద కాలుష్యం. ఈ అరవై ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, కమిటీవారు బస చేసిన అతిథిగృహంలో జనరేటరు సరిగ్గా అరవై పలికింది. నడిచేదేదైనా కనీసం దానంత గోల చేసి తీరాలని వారు ఆ రాత్రి నిద్రపట్టక నిశ్చయించారు.

గుమ్మడివలసలో మండలి తనిఖీ అధికారి, పశువుల ఆస్పత్రి ఆవరణలోనే ఆఫీసు పెట్టుకున్న పరాంకుశంగారు. లంచం ముట్టని మనిషి. అదే వచ్చిన చిక్కు.

ఏటేటా జరిగే తనిఖీకని ఒక సోమవారం పొద్దున్న దాలినాయుడు సూదిబండిని మైకు పక్కన నిలబెట్టి, ఇంజను ఆన్‌లోనే ఉంచి, లోపలికెళ్ళి నమస్కారం పెట్టాడు. పరాంకుశంగారు మీటరు చూశారు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ చూశారు.

"ఏమయ్యా, నీ బండి నడవడం లేదే."

"నడుస్తంది బాబూ. ఇంజను ఆన్‌లోనే ఉంది. నాను తోలుకునే వచ్చినాను."

"నలభై ఏడు చూపిస్తోంది. పద్నాలుగో నిబంధన విను. 'అరువది డెసిబెల్సుకు లోబడి శబ్దము చేయు వాహనము నిశ్చలమైనదిగా భావింపబడును.' ఇంక వాదనేముంది?"

"కూసేది పుంజు బాబూ, గుడ్డెట్టేది పెట్ట," అన్నాడు వెనకనుంచి తవిటయ్య, ఊరుకోలేక. "సప్పుడుకీ పనికీ లంకేటి?"

"కోళ్ళు మా పరిధిలో లేవు," అన్నారు పరాంకుశంగారు.

డాక్టరమ్మ కూడా వచ్చింది. వచ్చే సోమవారంలోగా కొండమీద గాలికుంటు టీకాలు పూర్తికావాలని చెప్పింది. నాలుగు వారాల్లో అమావాస్య సంత. పక్కకొండ పశువులకి అప్పుడే నోళ్ళు పొక్కుతున్నాయి. సంతలో కొండలన్నీ ఒకచోట చేరతాయి. టీకా ఒంటపట్టడానికి మూడు వారాలు పడుతుంది. దారిలో మందు పాడవకుండా ఉంచే పెట్టె ఈ బండి బ్యాటరీ మీదే పనిచేస్తుంది, వేరే బండిలో వెళ్ళడానికి లేదు.

పరాంకుశంగారు శ్రద్ధగా విన్నారు. ఆయన హృదయం లేనివారు కారు. "అమ్మా, నాకూ పశువులంటే భక్తి ఉంది. కానీ నడవని బండి నడుస్తోందని ఎలా రాయను?"

"ఒక్కసారి ఎక్కండి బాబూ," అని చేతులు జోడించాడు దాలినాయుడు. "మీరే సూద్దురు గాని."

పరాంకుశంగారు న్యాయంగా ఆలోచించి, ఎక్కారు. దాలినాయుడు ఆయన్ని జంక్షను దాకా తీసుకెళ్ళాడు. అక్కడ ఆయన టీ తాగారు, ఇంటికి రెండు కేజీల దోసకాయలు కొన్నారు. వచ్చేటప్పుడు బండి రెండు బస్సుల్ని దాటింది. "కుదుపు లేదయ్యా, బాగుంది," అని మెచ్చుకున్నారు కూడా. కుర్చీలో కూచుని ఫైల్లో ఇలా రాశారు:

"డ్రైవరు కోరిక మేరకు పై నిశ్చల వాహనములో జంక్షను వరకు వెళ్ళి రావడమైనది. వాహనము పోవుట, వచ్చుట గమనించితిని. అయితే ఇవి నిబంధనలలో ప్రమాణములు కావు."

బండి తలుపు మీద ఎర్ర రంగుతో 'నిశ్చలము' అని అచ్చు కొట్టారు. తాళంచెవి పరాంకుశంగారి బల్ల సొరుగులోకి వెళ్ళింది. చక్రాలకి అటూ ఇటూ రాళ్ళు పెట్టారు. నడవని బండికి డ్రైవరెందుకన్న ప్రశ్న సాయంత్రానికల్లా వచ్చి, రాత్రి గడవకముందే తేలిపోయింది. దాలినాయుణ్ణి 'నిశ్చల వాహన సంరక్షకుడు'గా నియమించారు. ఆయన పని బండి పక్కన స్టూలు మీద కూచోవడం, అది కదల్లేదని గంటకోసారి పుస్తకంలో సంతకం పెట్టడం.

మంగళవారమంతా ఆయన సంతకాలు పెట్టాడు. మధ్యాహ్నం గేటు బయట ఒక ఎడ్లబండి వెళుతుంటే ఎడ్ల మొహాలు చూడలేక తల తిప్పుకున్నాడు.

బుధవారం తవిటయ్య చంకలో పాత సైలెన్సరుతో వచ్చాడు. దాంట్లో కోడిపెట్ట పొదుగుతోందట. గుడ్లతో సహా గంపలోకి మార్చి తెచ్చాడు. మొహం వేలాడేసుకుని ఉన్నాడు. "తప్పదు మావా. సప్పుడు కావాలంటే ఇదే ఎట్టీద్దాం. ఆవులు బెదిరితే బెదిరినాయి, తాళమైతే ఇస్తారు కదా. అడివిలోకి పోయి ఎతుక్కుందాం."

బిగించి, పరీక్షకి మాత్రమని పరాంకుశంగారిచ్చిన తాళంచెవితో స్టార్టు చేశారు. ఆవరణలో కాకులు లేచిపోయాయి. లోపల మీటరు ముల్లు గెంతి తొంభై రెండు దగ్గర వణుకుతూ నిలబడింది.

పరాంకుశంగారి మొహం వెలిగింది. "శభాష్! నడుస్తోంది! స్పష్టంగా నడుస్తోంది!"

"ఇంక తాళం మాకే వదిలీండి బాబూ, పోతాం."

"ఎక్కడికి? ఎనభై దాటింది కదా. కాలుష్యకారకం. రోడ్డు మీదికి తేకూడదు."

దాలినాయుడు చేతులు కట్టుకున్నాడు. "నాకు ముక్క అర్థం కాలేదు బాబూ. తెలిసేలాగ సెప్పండి."

"ఇందులో తెలియనిదేముందయ్యా?" అన్నారు పరాంకుశంగారు ఓపిగ్గా. "పాత సైలెన్సరుతో నీ బండి నడుస్తోంది, కాబట్టి నడపకూడదు. కొత్త సైలెన్సరుతో నడపవచ్చు, కానీ అది నడవడం లేదు."

తాళంచెవి మళ్ళీ సొరుగులోకి వెళ్ళింది. తవిటయ్య కొత్త సైలెన్సరు మళ్ళీ బిగించి, పాతదాన్ని చంకన పెట్టుకుని కోడి దగ్గరికి వెళ్ళిపోయాడు.

గురువారం డాక్టరమ్మకి పైనుంచి తాఖీదు వచ్చింది. ఆమె దాన్ని స్టూలు పక్కన నిలబడి దాలినాయుడికి చదివి వినిపించింది.

"సదరు వాహనమునకు నిశ్శబ్ద సైలెన్సరు అమర్చిన దినము నుండియే అది నిశ్చలమైనదిగా తేలినందున, ఆ దినము తరువాత కొండ గ్రామములలో వేయబడినవని చూపిన నాలుగువందల పన్నెండు టీకాలు వేయబడి ఉండుటకు వీలులేదు. కావున అట్టి టీకా మందును పశువుల నుండి తిరిగి స్వీకరించి, సీసాలలో భద్రపరచి, వారము దినములలో అప్పగించవలెను."

"తిరిగి స్వీకరించడమంటే?" అన్నాడు దాలినాయుడు.

"అదే నేనూ ఆలోచిస్తున్నాను."

"పితికితే వచ్చీదేటమ్మా అది?"

డాక్టరమ్మ నవ్వేసింది. తర్వాత కళ్ళు తుడుచుకుంది. "నాయుడుగారూ, ఇవాళ గురువారం. సోమవారం దాటితే ఈ మందు వేసినా సంత నాటికి ఒంటపట్టదు. మూడొందల పశువులు." మందు దాచిన గది వైపు వెళ్ళిపోయింది.

దాలినాయుడు పుస్తకం తీసి, బండి కదల్లేదని సంతకం పెట్టాడు.

శుక్రవారం పదకొండు గంటలకి చిలకమ్మ వచ్చింది. కొండ దిగి పద్దెనిమిది కిలోమీటర్లు నడిచి వచ్చింది. వెనకాల తాడుతో ఆవిడ బూడిదావు, ఆవు పక్కన రెండు నెలల ఎర్రపెయ్య.

"వస్తానన్నోడివి రాపోయేసరికి జొరమొచ్చి కాయిలా పడిపోనావేమో అనుకున్నాను," అంది తమ్ముణ్ణి పైనుంచి కిందిదాకా చూసి. "ఇక్కడ స్టూలేసుకుని సుబ్బరంగా కూకున్నావా? ఉన్న వాటిలో ఇవి రెండైనా బతకాలని నానే తోలుకొచ్చినాను. సూదేయించు."

దాలినాయుడు ఆమెకి అంతా చెప్పాడు. అరవై, ఎనభై, నిశ్చలము, సంతకాల పుస్తకం. చిలకమ్మ పూర్తిగా వింది. విని, "ఆ బాబుకి పెళ్ళయిందేటి?" అని మాత్రం అడిగింది.

ఎండ మాడుస్తోంది. పెయ్య కాళ్ళు తేలేసింది. డాక్టరమ్మ వచ్చేదాకా నీడపట్టున ఉంటుందని చిలకమ్మ దాన్ని ఎత్తి బండి వెనక తలుపు తీసి లోపల పడుకోబెట్టింది. ఆవుని గేటవతల కొబ్బరిచెట్టుకి కట్టి నీళ్ళు పెట్టడానికి వెళ్ళింది.

పెయ్య లేచి చూసింది. తల్లి లేదు. చుట్టూ రేకు గోడలు. సూది వాసన. అది మెడ చాచి, ఒళ్ళంతా గొంతు చేసుకుని, "అంబా!" అని అరిచింది. గేటవతల్నించి తల్లి బదులిచ్చింది. పెయ్య ఇంకా గట్టిగా అరిచింది. ఇక ఆపలేదు.

లోపల పరాంకుశంగారు నిటారుగా కూచున్నారు. ముల్లు అరవై ఎనిమిది మీద నిలబడింది. కొంచెం తగ్గి అరవై అయిదు, మళ్ళీ డెబ్భై. ఎనభై జోలికి పోలేదు, అరవైకి దిగలేదు. ఆయన ఉద్యోగంలో ఇంత చక్కని రీడింగు చూడలేదు.

"ఎవరయ్యా బండి స్టార్టు చేసింది?" అని కేకేశారు.

దాలినాయుడు పరిగెత్తుకెళ్ళి గుమ్మంలో నిలబడ్డాడు. "ఎవులూ సెయ్యలేదు బాబూ. తాళం మీ సొరుగులోనే ఉంది."

పరాంకుశంగారు సొరుగు లాగారు. తాళంచెవి ఉంది. మీటరు చూశారు. డెబ్భై ఒకటి. మళ్ళీ తాళంచెవి చూశారు. ఒకటి నడవడం లేదంటోంది, ఒకటి నడుస్తోందంటోంది. తాళంచెవి మీద ఎవరి ముద్రా లేదు. మీటరు మీద ప్రభుత్వ ముద్ర ఉంది.

అయినా ధర్మానికి భయపడే మనిషి గనక, మైకులు పాతాక మొదటిసారిగా ఒక తనిఖీ అధికారి రీడింగు సరిచూడ్డానికి కుర్చీలోంచి లేచి కిటికీ తెరిచి బయటికి చూశారు.

"అది దూడ కాదూ?"

"దూడే బాబూ. మా అప్పది. ఇప్పుడే దించెస్..." అనబోయాడు దాలినాయుడు. వెనకనుంచి చిలకమ్మ మడమ వచ్చి ఆయన కాలి బొటనవేలి మీద బలంగా నిలబడింది.

"బండిలోదే బాబూ," అంది ఆవిడ.

"బండిలోదా? అంటే వాహనంలో అంతర్భాగమా?"

"ఆ మాటేటో నాకు తెల్దు గానీ, ఆవుల బండిలో దూడ ఉండదేటి? పాల బండిలో పాలుండవా?"

పరాంకుశంగారు నియమావళి తెరిచి పావుగంట చదివారు. పద్నాలుగో నిబంధన 'వాహనము నుండి వెలువడు శబ్దము' అంటోంది. వాహనంలో ఏ భాగం నుంచి వెలువడాలో అనడం లేదు. ఇంజను అన్న మాట ఆ పుస్తకం మొత్తంలో ఎక్కడా లేదు. ఆయనకి గుండెల మీంచి బరువు దిగినట్టయింది. నాలుగు రోజులుగా ఆయనకీ నిద్రలేదు. కళ్ళు మూస్తే దోసకాయలతో జంక్షను నుంచి తిరిగి వస్తున్నట్టే ఉంటోంది.

ధ్రువపత్రం తనే స్వయంగా రాశారు. "వాహనము చైతన్యవంతము. శబ్ద సాధనము: పెయ్యదూడ, ఒకటి, ఎరుపు. షరతు: వాహనము సంచరించునంత కాలము సదరు సాధనము వాహనమందే ఉండి, శబ్దము చేయుచుండవలెను."

చిలకమ్మ తల్లి ఆవుకి సూది వేయించుకుని, దాన్ని తోలుకుని కొండెక్కింది. పెయ్య ప్రభుత్వ సాధనం గనక ఆస్పత్రిలోనే ఉండిపోయింది. డాక్టరమ్మ సీసాతో పాలు పట్టింది.

శనివారం పొద్దున్నే సూదిబండి బయల్దేరింది. ఇంజను చప్పుడు లేదు. లోపల్నుంచి "అంబా, అంబా" అని తెరిపి లేకుండా ఒకటే పిలుపు. జంక్షనులో జనం బండిని చూసి దండం పెట్టారు. దాలినాయుడికి మాత్రం గుండెల్లో రాయి పడింది. తవిటయ్య అంత కష్టపడి చప్పుడు చంపేస్తే, ఇదిగో మళ్ళీ చప్పుడుతోనే కొండెక్కుతున్నాడు. పెయ్య నోరు ముయ్యిద్దామంటే షరతు. నాలుగో మలుపు దాటాడు. ఈసరికి పలుపులు తెగి ఉంటాయనుకున్నాడు. ఊరి మొదట్లో తిరిగేసరికి ఎదురుగా దుమ్ము లేస్తోంది.

"అయిపోనాదమ్మా," అన్నాడు నీరసంగా. "పారిపోతన్నాయి."

డాక్టరమ్మ అద్దంలోంచి ముందుకి వంగి చూసింది. "నాయుడుగారూ, పారిపోయేవైతే మనవైపు ఎందుకొస్తున్నాయి?"

అన్నిటికంటే ముందు బూడిదావు, తోక పైకెత్తుకుని వస్తోంది. దాని వెనక దూడలున్న ఆవులు, వాటి వెనక లేనివి, వాటి వెనక ఏమిటో చూద్దామని ఎడ్లు. తప్పిపోయిన దూడ పిలుస్తుంటే ఆగే ఆవు ఏ కొండమీదా ఉండదు. బండి నిలిపేసరికి చుట్టూ మూగి, రేకులు నాకుతూ, కిటికీల్లో ముట్టెలు పెడుతున్నాయి. డాక్టరమ్మ తలుపు తియ్యడానికి కూడా చోటు లేక కిటికీలోంచే చెయ్యి చాపి సూదులు మొదలుపెట్టింది.

మూడొందల డోసులూ ఆదివారం మధ్యాహ్నానికి అయిపోయాయి. దాలినాయుడు తన ఎడ్లకి తనే తల పట్టాడు. సూది పడ్డాక వాటి మెడలు నిమురుతూ కాసేపు అక్కడే ఉండిపోయాడు. చిలకమ్మ వచ్చి, "అంబలి తాగుదువు గాని రా," అంది. మూడేళ్ళ తర్వాత ఆవిడ ఇంట్లో ఆయనకి అంబలి గొంతు దిగింది.

అమావాస్య సంతకి పక్కకొండ పశువులు రెండు నోట నురగలతో వచ్చాయి. మామిళ్ళగరువువి వాటి పక్కనే నిలబడి గడ్డి తిని, సాయంత్రానికి ఇంటికి పోయాయి.

మండలివారు ఇదంతా విని సంతోషించారు. నిశ్చలమని తేలిన మరో పదిహేడు ప్రభుత్వ వాహనాలకు కూడా తలా ఒక దూడ మంజూరు చేశారు. వాటిలో ఆరింటికి చక్రాలు లేవు. అయినా ఆరూ ఇప్పుడు నడుస్తున్నాయి.

ఏడాది తిరిగింది. సూదిబండి మళ్ళీ మైకు పక్కన నిలబడింది. వెనక తలుపులోంచి ఎర్రపెయ్య తల బయటపెట్టి చూసింది. ఏడాది పాటు సర్కారీ గడ్డి తిని బాగా బలిసి ఉంది. పరాంకుశంగారు లోపల మీటరు సరిచేసుకుని, కానివ్వమన్నారు. పెయ్య ఛాతీ నిండా ఊపిరి తీసుకుని ఒక్క అరుపు అరిచింది.

ఎనభై మూడు.

ఆయన విచారంగా తల ఊపి, ఫారం నింపి దాలినాయుడి చేతిలో పెట్టారు. "శబ్దము పరిమితి మించినది. సాధనమునకు మూడు దినములలో తగు సైలెన్సరు అమర్చి హాజరుపరచవలెను."

దాలినాయుడు పెయ్యని తాడుపట్టి నడిపించుకుంటూ తవిటయ్య షెడ్డుకి తీసుకెళ్ళాడు. తవిటయ్య కాగితం చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. పెయ్య చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరిగాడు. ముందుకెళ్ళి గొంతుక్కూచుని చూశాడు. లేచి వెనక్కెళ్ళి, తోక పక్కకి తప్పించి, అక్కడా గొంతుక్కూచుని చూశాడు.

"ఎటేపు బిగించమంటావు మావా?" అన్నాడు.